ఫ్లై ఫిషింగ్ సరంజామా: రాడ్ కంటే ముందు లైన్ గురించి ఆలోచించండి

ఫ్లై ఫిషింగ్ నేర్చుకోవాలనుకునేవారు సాధారణంగా ముందు రాడ్ (గాలపు కర్ర) కొంటారు, తర్వాత దానికి నప్పే, లైన్ చుట్టుకునే రీల్ వెతుకుతారు, చివరికి మిగిలిన డబ్బులో వచ్చే లైన్ ఏదో తెచ్చుకుంటారు. ఈ వరుస తలకిందులైనదని నా అభిప్రాయం. పట్టదలచిన చేప ఏది, ఆ చేపకు వేయవలసిన ఫ్లై, అంటే పురుగును పోలిన ఎర, ఎంత పెద్దది, ఆ ఫ్లైని గాలిలో మోసుకుపోగల లైన్ ఎంత బరువుండాలి అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే రాడ్ ఎంపిక దానంతట అదే తేలిపోతుంది. రీల్ గురించి ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించవచ్చు.

దీనికి కారణం ఈ విద్య పనిచేసే తీరులోనే ఉంది. మామూలు గాలంలో ఎరకో, సీసపు గుండుకో ఉన్న బరువు ముందుకు దూసుకుపోతుంటే సన్నని దారం దాని వెంట సాగిపోతుంది. ఫ్లై అలా కాదు. చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగు రూపం తెప్పించిన ఆ వస్తువుకు చెప్పుకోదగ్గ బరువే ఉండదు కాబట్టి, దాన్ని చేత్తో ఎంత బలంగా విసిరినా నాలుగడుగుల అవతల పడిపోతుంది. అందువల్ల విసిరేది ఫ్లైని కాదు, లావుపాటి లైన్‌ను. కొరడా పిడి దగ్గర లావుగా మొదలై కొసకు సన్నబడుతూ పోయి చేతి ఊపునంతా కొసకు చేర్చినట్టే, రాడ్ ఇచ్చిన ఊపు లైన్‌లోకి, లైన్ నుంచి దాని కొసకు కట్టే సన్నని తీగ అయిన లీడర్‌లోకి, లీడర్ నుంచి ఫ్లైకి పాకుతుంది. ఈ గొలుసులో ఎక్కడ పొంతన కుదరకపోయినా ఫ్లై నీటి మీద నెమ్మదిగా వాలదు, చప్పుడు చేస్తూ పడుతుంది, లేదా చిక్కుపడిన దారపు కుప్ప మధ్యలో పడుతుంది.

లైన్ బరువును చెప్పడానికి ఒక అంకెల పద్ధతి ఉంది. లైన్ మొదటి 30 అడుగుల భాగాన్ని తూచి, ఆ బరువును బట్టి దానికి అంకె ఇస్తారు. 3వ నంబరు లైన్‌కు ఆ భాగం 100 గ్రెయిన్లు, 5వ నంబరుకు 140 గ్రెయిన్లు, 8వ నంబరుకు 210 గ్రెయిన్లు తూగాలి. ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు కనుక 5వ నంబరు లైన్ మొదటి 30 అడుగులు దాదాపు 9 గ్రాములుంటాయి. రాడ్ మీద, రీల్ మీద కనిపించే అంకెలు కూడా ఈ లైన్ అంకెను చెప్పేవే. 5 అని రాసిన రాడ్ అంటే 5వ నంబరు లైన్‌ను మోసినప్పుడు సరిగ్గా వంగేలా తయారైన రాడ్ అన్నమాట.

చిన్న వాగుల్లో, చిన్న చేపలకు, అతి చిన్న ఫ్లైలకు 3వ నంబరు చాలు. మధ్యరకం నదుల్లో, చెరువుల్లో ట్రౌట్ కోసం 4 నుంచి 6 వరకు పనికొస్తాయి. బాస్, కార్ప్ వంటి బలమైన చేపలకు, గాలిని కోసుకుంటూ పోవలసిన బరువైన ఫ్లైలకు 7 లేదా 8 కావాలి. సముద్ర తీరంలోని లోతులేని నీళ్లలో బోన్‌ఫిష్ పట్టేవారు ఎక్కువగా 8వ నంబరే వాడతారు. తమకు ఏ చేప దొరుకుతుందో ఇంకా తెలియనివారికి 5వ నంబరును సూచించడం ఆనవాయితీగా మారింది, ఆ ఆనవాయితీతో నాకు పేచీ లేదు. అయితే దగ్గరలో ఉన్నది పెద్ద చెరువు మాత్రమే అయి, అందులో ఉన్నవి కార్ప్ చేపలే అయితే, అందరూ చెప్పారని 5వ నంబరు కొనడం వల్ల ప్రయోజనం లేదు.

లైన్ పెట్టె మీద డబ్ల్యూఎఫ్5ఎఫ్ వంటి గుర్తు ఉంటుంది. మొదటి రెండక్షరాలు వెయిట్ ఫార్వర్డ్‌ను, మధ్య అంకె బరువును, చివరి అక్షరం అది తేలే లైన్ అనే సంగతిని తెలియజేస్తాయి. వెయిట్ ఫార్వర్డ్ లైన్‌లో బరువంతా ముందరి 30, 40 అడుగుల్లో కూడి ఉండి వెనుక భాగం సన్నగా ఉంటుంది కనుక, ముందు భాగం గాలిలోకి వెళ్లాక వెనుకది సులువుగా జారుతూ దాని వెంట పోతుంది. రెండు కొసలూ ఒకేలా సన్నబడే డబుల్ టేపర్ లైన్లూ ఉన్నాయి. ఒక కొస అరిగిపోతే తిప్పి రెండో కొస వాడుకోవచ్చు కనుక అవి పొదుపైనవే కానీ, దూరం విసరడం నేర్చుకుంటున్నవారికి వెయిట్ ఫార్వర్డ్ ఎక్కువ సహకరిస్తుంది. మునిగే లైన్లు, కొస మాత్రమే మునిగే లైన్లు అనుభవం వచ్చాక చూసుకోవచ్చు. మొదటి లైన్ తేలేదే అయి ఉండాలి, ఎందుకంటే అది నీటి మీద ఎటు కొట్టుకుపోతోందో కంటికి కనబడుతుంది, తిరిగి పైకి ఎత్తి మళ్లీ విసరడమూ తేలిక. రంగు విషయంలో కూడా ముదురు ఆకుపచ్చ కంటే లేత పసుపు, నారింజ వంటి కొట్టొచ్చినట్టు కనిపించే రంగే మంచిది. చేపకు కనబడుతుందేమోనన్న భయం అక్కర్లేదు, లైన్‌కూ ఫ్లైకీ మధ్య దూరం ఉంచడానికే లీడర్ ఉంది.

ఒక చిన్న చిక్కు ఇక్కడే చెప్పాలి. బిరుసు రాడ్లకు అనువుగా ఉండాలని కొన్ని లైన్లను ప్రమాణం కంటే అర నంబరో, ఒక నంబరో ఎక్కువ బరువుతో తయారు చేస్తున్నారు. పెట్టె మీద గ్రెయిన్ల లెక్క రాసి ఉంటుంది కనుక 5 అన్న అంకెను మాత్రమే చూడకుండా ఆ లెక్కనూ చూడాలి. కొత్తవారికి కొంచెం బరువు ఎక్కువైన లైన్ మేలే చేస్తుంది, దగ్గరి దూరాల్లో రాడ్ వంగుతున్న సంగతి చేతికి తెలుస్తుంది.

లైన్ లోపల అల్లిన నైలాన్ దారం, దాని మీద ప్లాస్టిక్ పూత ఉంటాయి. ఆ పూతలో కలిపిన అతి సూక్ష్మమైన గాలి బుడగల వంటి గోళాల వల్లే అది తేలుతుంది. దోమల మందుల్లో ఉండే డీట్ అనే రసాయనం ఈ పూతను మెత్తబరిచి పాడుచేస్తుంది, సన్‌స్క్రీన్ క్రీములూ దానికి మంచివి కావు. అందుకే అవి రాసుకున్న చేతులు కడుక్కోకుండా లైన్ ముట్టుకోవద్దు. మురికి పట్టిన లైన్ గైడ్లలో, అంటే రాడ్ పొడవునా లైన్ దూరి వెళ్లే వలయాల్లో, జారదు, కొస మునిగిపోతుంటుంది. గోరువెచ్చని నీళ్లలో తేలికపాటి సబ్బు కలిపి గుడ్డతో తుడిస్తే చాలావరకు మళ్లీ కొత్తదానిలా పనిచేస్తుంది.

ఇక రాడ్. 9 అడుగుల పొడవు, 5వ నంబరు, నాలుగు ముక్కలుగా విడదీసి సంచిలో పెట్టుకునే గ్రాఫైట్ రాడ్ ఎక్కువ మందికి సరిపోతుంది. ఆ పొడవుకు అర్థం ఉంది. వెనుక ఉన్న గడ్డికి తగలకుండా లైన్‌ను ఎత్తి ఉంచడానికి, నీటి మీద పడ్డ లైన్‌ను ప్రవాహానికి ఎదురుగా ఎత్తి మార్చి వేయడానికి పొడవైన రాడ్ వీలిస్తుంది. కొమ్మలు కమ్ముకున్న ఇరుకు వాగుల్లో మాత్రం ఏడున్నర అడుగుల రాడ్ నయం. రాడ్ ఎంత వేగంగా తిరిగి నిటారవుతుందో దాన్ని యాక్షన్ అంటారు. ఫాస్ట్ యాక్షన్ రాడ్లు కొస దగ్గర మాత్రమే వంగుతాయి, దూరం వేయగలవు, కానీ చేతి లయ కాస్త తప్పినా క్షమించవు. మొత్తంగా వంగే స్లో రాడ్లు దగ్గరి దూరాల్లో హాయిగా ఉంటాయి కానీ గాలి వీస్తే ఇబ్బంది పెడతాయి. మధ్యస్థంగా, కొంచెం వేగం వైపు మొగ్గే మీడియం ఫాస్ట్ రాడ్ నేర్చుకునేవారికి తగినది. గ్రాఫైట్ రాడ్లు 1970లలో విస్తరించాయి. అంతకుముందు ఫైబర్‌గ్లాస్, దానికంటే ముందు చీల్చి అతికించిన వెదురు రాజ్యమేలాయి. వెదురు రాడ్ల అందం గురించి ఎంతైనా చెప్పవచ్చు, కానీ మొదటి రాడ్‌గా దాన్ని ఎవరికీ సూచించను.

రాడ్లు చేప బలానికి విరగడం తక్కువ. కారు తలుపు సందులో పడి, బరువైన ఫ్లై వచ్చి తగిలి, ముక్కల మధ్య కీలు వదులైన సంగతి చూడకుండా విసరడం వల్ల ఎక్కువగా విరుగుతాయి. గంటకొకసారి కీళ్లను బిగించుకోవడం, నడిచేటప్పుడు రాడ్‌ను వెనక్కి పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. విరిగిన ముక్కను మార్చి ఇచ్చే హామీ ఉన్న రాడ్ కొంటే కొంత నిశ్చింత.

రీల్ మీద ఎక్కువ ఖర్చు పెట్టవలసిన పనిలేదు. చిన్న, మధ్యరకం ట్రౌట్ విషయంలో అది లైన్ చుట్టి దాచుకునే పరికరం మాత్రమే, చేపను ఎక్కువగా చేత్తో లైన్ లాగుతూనే తెస్తారు. చేప పరుగెత్తినప్పుడు రీల్ అదుపు తప్పి లైన్ చిక్కుపడకుండా ఆపే డ్రాగ్ కొంచెం ఉంటే చాలు. టిక్ టిక్ మనే పాతరకం క్లిక్ రీల్ అయినా సరే. నడిమి ఇరుసు వెడల్పుగా ఉన్న లార్జ్ ఆర్బర్ రీల్ అయితే లైన్ త్వరగా చుట్టుకుంటుంది, చుట్టలు చుట్టలుగా ముడుచుకుపోయే బెడదా తగ్గుతుంది. ఉప్పునీటికి, పొడవుగా పరుగులు తీసే చేపలకు మాత్రం గట్టి డిస్క్ డ్రాగ్, లోపలికి ఉప్పు చేరకుండా మూసిన నిర్మాణం తప్పనిసరి. అక్కడ పొదుపు చేయకూడదు.

రీల్ మీద ముందుగా చుట్టేది బ్యాకింగ్. 20 పౌండ్ల బలం గల డేక్రాన్ దారం 50 నుంచి 100 గజాల వరకు చుడతారు. చేప లైన్ మొత్తం లాక్కుపోతే ఆదుకునేది అదే. అంతకంటే తరచుగా అక్కరకు వచ్చే ప్రయోజనం, ఇరుసును లావు చేసి లైన్ బిగుతు చుట్టలు పడకుండా చూడటం. డేక్రాన్ బదులు మామూలు నైలాన్ దారం చుట్టవద్దు. అది బలానికి సాగి చుట్టుకుని, తర్వాత ముడుచుకుంటూ స్పూల్‌నే, అంటే రీల్‌లో దారం చుట్టుకునే భాగాన్నే, నొక్కి వంకరచేయగలదు.

లీడర్, టిప్పెట్ విషయంలో కొత్తవారు తికమకపడటం సహజం, కనుక కొంచెం వివరంగా చెబుతాను. లీడర్ అంటే లైన్ కొసకూ ఫ్లైకీ మధ్య ఉండే, కంటికి ఆనని నైలాన్ తీగ. లైన్ వైపు 0.021 అంగుళాల మందంతో మొదలై, ఫ్లై వైపు సన్నబడుతూ పోతుంది. ఆ సన్నని చివరి భాగమే టిప్పెట్. దాని మందాన్ని ఎక్స్ అంకెతో చెబుతారు. లెక్క సులువు: 11 నుంచి ఎక్స్ అంకె తీసివేస్తే మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో వస్తుంది. 5ఎక్స్ అంటే 11 నుంచి 5 పోగా 6, అంటే 0.006 అంగుళాలు, దాదాపు 0.15 మిల్లీమీటర్లు. అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుందన్నది గుర్తుంచుకుంటే దుకాణంలో తడబడరు. ఏ ఫ్లైకి ఎంత సన్నని టిప్పెట్ కావాలో తెలుసుకోవడానికి కొక్కెం నంబరును 3తో భాగిస్తే సరిపోతుంది. 12వ నంబరు ఫ్లైకి 4ఎక్స్, 15 దరిదాపుల్లో ఉన్నదానికి 5ఎక్స్, 18కి 6ఎక్స్. ఇది స్థూలమైన లెక్కే. నీళ్లు మరీ తేటగా ఉంటే ఒక అంకె సన్నగా, చేపలు పెద్దవైతే ఒక అంకె లావుగా మార్చుకుంటారు.

కాబట్టి కొనవలసింది 9 అడుగుల 5ఎక్స్ లీడర్లు రెండు మూడు, 4ఎక్స్, 5ఎక్స్, 6ఎక్స్ టిప్పెట్ చుట్టలు ఒక్కొక్కటి. ఫ్లై మార్చిన ప్రతిసారీ లీడర్ కొంత కురచ అవుతుంది, అప్పుడు ఒకటిన్నర, రెండు అడుగుల టిప్పెట్ కట్టుకుంటే లీడర్ మొత్తాన్ని పారేయవలసిన పనిలేదు. ఫ్లోరోకార్బన్ తీగ నీళ్లలో తక్కువగా కనబడుతుందనీ, నైలాన్ కంటే త్వరగా మునుగుతుందనీ దాన్ని కొంటుంటారు. అందులో నిజముంది. అయితే తేలే ఫ్లైలకు ఆ మునిగే గుణమే అడ్డు. నేనైతే తేలే ఫ్లైలకు నైలాన్, మునిగే ఫ్లైలకు మాత్రమే ఫ్లోరోకార్బన్ అంటాను. నైలాన్ ఎండకు, తేమకు బలం కోల్పోతుంది కాబట్టి ఏళ్ల తరబడి సంచిలో పడి ఉన్న చుట్టను నమ్మకూడదు. తెగిన ముక్కలను, అవి ఏ తీగవైనా సరే, జేబులో వేసుకుని రావాలి. నీటి పక్షుల కాళ్లకు చుట్టుకుపోయేది ఆ ముక్కలే.

ముడులు మొదట రెండు చాలు. ఫ్లైని కట్టడానికి ఇంప్రూవ్డ్ క్లించ్, టిప్పెట్‌ను లీడర్‌కు కలపడానికి సర్జన్స్ నాట్. ఇప్పటి లైన్ల కొసకు, లీడర్ల మొదటికి తయారీలోనే లూప్ వేసి ఉంటుంది కనుక వాటిని ఒకదానిలో ఒకటి దూర్చి బిగిస్తే సరి. ఏ ముడినైనా బిగించే ముందు ఉమ్మితోనో, నీటితోనో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి తీగ బలహీనపడి, చేప పడిన క్షణాన అక్కడే తెగుతుంది.

ఫ్లైల పెట్టెను నింపుకోవాలన్న ఆశ అందరికీ ఉంటుంది, దుకాణాలూ ఆ ఆశ మీదే బతుకుతాయి. నిజానికి అయిదు రకాలతో చాలాకాలం గడపవచ్చు. టిప్పెట్ అంకెల్లాగే కొక్కెం నంబరు పెరిగినా పరిమాణం తగ్గుతుంది. తేలేవాటిలో పారాషూట్ ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కేడిస్, ఈ రెండూ 14, 16 నంబర్లలో. మునిగేవాటిలో ఫెజెంట్ టెయిల్ 16లో, హేర్స్ ఇయర్ 14లో. చిన్న చేపనో, జలగనో పోలినట్టు లాగడానికి ఊలీ బగ్గర్ 8 లేదా 10లో. ఆడమ్స్ ఫ్లైని 1922లో అమెరికాలోని మిషిగన్‌లో లెన్ హాలడే కట్టాడు. అది ఏ ఒక్క పురుగుకూ అచ్చమైన నకలు కాదు, మేఫ్లైలనే నీటి పురుగుల్లో చాలావాటిని ఉజ్జాయింపుగా పోలి ఉంటుంది, కొత్తవారికి పనికొచ్చే గుణం అదే. పారాషూట్ రకంలో నిలువుగా ఉండే తెల్లని కుచ్చు వల్ల అది దూరం నుంచి కూడా కనబడుతుంది. ఫెజెంట్ టెయిల్‌ను ఇంగ్లండ్‌లోని ఏవన్ నది కాపరి ఫ్రాంక్ సాయర్ రూపొందించాడు. కట్టడానికి దారం వాడకుండా సన్నని రాగి తీగనే వాడటంతో, ఈకలను బిగించే పని, ఫ్లైని ముంచే బరువు రెండూ ఒకే వస్తువుతో నెరవేరాయి. ట్రౌట్ ఆహారంలో ఎక్కువ భాగం నీటి అడుగునే దొరుకుతుంది కాబట్టి, నీటి మీద చేప తేలి తినే దృశ్యం ఎంత ముచ్చటగా ఉన్నా, ఈ మునిగే ఫ్లైలే ఎక్కువ రోజులు ఆదుకుంటాయి.

కొక్కేలకు వెనక్కి ఉండే చిన్న ముల్లును ఫోర్సెప్స్‌తో నొక్కేయడం మంచిది. చేప నోటి నుంచి సులువుగా వస్తుంది, చెవికో, వేలికో దిగినప్పుడు మన నుంచి కూడా సులువుగా వస్తుంది. ముల్లు లేకపోయినా, లైన్‌ను వదులు కానివ్వకుండా బిగువుగా ఉంచితే చేప తప్పించుకుపోయే అవకాశం కొద్దిగానే పెరుగుతుంది.

జేబులో ఉండవలసిన చిన్న వస్తువులు ఇంతే: తీగ కోసే నిప్పర్స్, కొక్కెం తీసే ఫోర్సెప్స్, ఫ్లై తేలడానికి రాసే ఫ్లోటెంట్, తడిసిన ఫ్లైని ఆరబెట్టే పొడి, మునిగే ఫ్లైలతో వాడే చిన్న బెండు, కొన్ని చిన్న గుండ్లు. గుండ్లు సీసానివి కాకుండా తగరం లేదా టంగ్‌స్టన్‌వి తీసుకోండి. పడిపోయిన సీసపు గుండ్లను మింగి హంసలు విషంతో చనిపోతుండటంతో ఇంగ్లండ్‌లో 1987 నుంచి చిన్న సీసపు గుండ్ల వాడకాన్ని నిషేధించారు. ఫ్లోటెంట్ ఫ్లై పొడిగా ఉన్నప్పుడే, వేలి కొసకు అంటినంత రాస్తే చాలు. చేపను ఎత్తడానికి చేతి వల కావాలి, అది రబ్బరు వల అయితే చేప ఒంటి మీది జిగురు పొర చెరగదు. నీటి ఉష్ణోగ్రత చూసే చిన్న థర్మామీటర్ కూడా నేను అవసరాల్లోనే లెక్కిస్తాను. నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌట్‌కు ప్రాణవాయువు చాలక, పట్టి వదిలినా బతకడం కష్టమవుతుంది. ఆ రోజు వేరే చేపను వెతుక్కోవాలి.

పోలరైజ్డ్ కళ్లద్దాలు షోకు కోసం కాదు. నీటి మీద తళతళను అవి తగ్గిస్తాయి, మరీ ముఖ్యంగా నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో కిందికి చూసినప్పుడు ఆ తళతళ దాదాపు పూర్తిగా తొలగి అడుగు రాళ్లు, చేపల నీడలు కనబడతాయి. అంతకంటే పెద్ద మాట, వెనక నుంచి దూసుకొచ్చే కొక్కెం నుంచి కళ్లను కాపాడేవి అవే. అంచున్న టోపీ కూడా ఇందుకే. మబ్బుగా ఉన్న రోజున కూడా కళ్లద్దాలు లేకుండా విసరవద్దు, పక్కన నిలబడి చూసేవారికీ ఒక జత ఇవ్వండి.

వేడర్లు, అంటే నడుము దాకా లేదా ఛాతీ దాకా తడవకుండా కాపాడే దుస్తులు, మొదటి రోజునే అక్కర్లేదు. వేసవిలో పాత ప్యాంటు, పట్టు ఉన్న బూట్లతో నీళ్లలో దిగవచ్చు, ఒడ్డున నిలబడీ నేర్చుకోవచ్చు. నీళ్లు చల్లగా ఉండే చోట వేడర్లు కొంటే మాత్రం నడుముకు బెల్టు బిగించకుండా నీళ్లలో అడుగుపెట్టవద్దు. జారిపడినప్పుడు లోపలికి నీళ్లు ప్రవాహంలా నిండకుండా అడ్డుకునేది ఆ బెల్టే. నాచు పట్టిన రాళ్ల మీద ఫెల్ట్ (ఒత్తి చేసిన పీచు గుడ్డ) అడుగుల బూట్లు బాగా పట్టు ఇస్తాయి, కానీ ఆ ఫెల్ట్ తడిని, దానితోపాటు ఒక నది నుంచి ఇంకో నదికి పాకే నాచును మోసుకుపోతుంది. డిడిమో అనే నాచు వ్యాప్తిని ఆపడానికి న్యూజిలాండ్ 2008లో ఫెల్ట్ అడుగులను నిషేధించింది. రబ్బరు అడుగులు, కావలిస్తే వాటికి మేకులు, ఊతకర్ర ఒకటి, ఈ మూడింటితో ఆ లోటు చాలావరకు తీరుతుంది.

రాడ్, రీల్, బ్యాకింగ్, లైన్, లీడర్ అన్నీ ఒకే పెట్టెలో కలిపి అమ్మే సెట్లు ఉన్నాయి. అవి చెడ్డవి కావు, పొంతన కుదిర్చే శ్రమను తప్పిస్తాయి. చౌక సెట్లలో తరచుగా నాసిగా ఉండేది లైన్ కనుక, ఖర్చుకు కొంచెం వెసులుబాటు ఉంటే సెట్ కొని, లైన్‌ను మాత్రం మంచిదానితో మార్చుకోమంటాను. చిన్న కొండవాగులు తప్ప వేరే నీళ్లు లేనివారు జపాన్ నుంచి వచ్చిన టెంకారాను కూడా చూడవచ్చు. అందులో రీల్ ఉండదు, పొడవైన రాడ్ కొసకే లైన్ కట్టి ఉంటుంది. సరంజామా తక్కువ, మొదటి గంటలోనే ఫ్లైని నీటి మీద వాల్చవచ్చు. కానీ దూరానికి లైన్ వదలడం అందులో నేర్చుకోలేరు, పెద్ద చేప పడితే లైన్ ఇచ్చి ఆడించే వీలూ లేదు.

ఫ్లైలు స్వయంగా కట్టుకునేటప్పుడు కొక్కేన్ని బిగించి పట్టే వైస్, ఈకల సామగ్రి, డజను జేబుల కోటు, రెండో రాడ్, వీటిని మొదటి సీజన్ అయ్యేదాకా వాయిదా వేయండి. నీళ్ల దగ్గరికి వెళ్లే ముందు ఆ చోట లైసెన్సు కావాలా, ఏ నెలల్లో అనుమతి ఉంది, ముల్లున్న కొక్కెం వాడనిస్తారా అన్నది కనుక్కోండి. ఈలోగా పచ్చిక మీద ఫ్లై బదులు చిన్న ఉన్ని పీచు కట్టి విసరడం సాధన చేయవచ్చు. గరుకు నేల మీద మాత్రం కొత్త లైన్‌ను లాగవద్దు, పూత గీసుకుపోతుంది.